టూటీ ఆయిల్ ఎంపిక: మోటుల్ 710ను ఏడాది వాడి చూశాక

కోవూరు దగ్గర మాకున్న వరిపొలానికి మందు కొట్టడానికి వీపున తగిలించుకునే టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్ ఒకటి, నెల్లూరు వెళ్లి రావడానికి మా నాన్నగారి యమహా ఆర్ఎక్స్ 100 ఒకటి ఉన్నాయి. రెండింటినీ చాలా ఏళ్లుగా నేనే విప్పి బిగించుకుంటున్నాను. బండిలో ఆయిల్‌ను దానంతట అదే ఇంజన్‌కు అందించే ఆటోల్యూబ్ పంపు పాడైనప్పటి నుంచి దానికి కూడా పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోస్తున్నాను. గత ఏడాదిగా ఈ రెండింటిలోనూ మోటుల్ 710 తప్ప వేరొకటి వాడలేదు. ఇది టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలుతో పాటు కాలిపోయే ఆయిల్. పూర్తి సింథటిక్, డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అనే నాణ్యత తరగతి ఉంటుంది. నా అనుభవంలో ఇది చాలా మంచి ఆయిల్, అయితే అందరికీ ఇదే అవసరం అని మాత్రం చెప్పను.

అంతకుముందు రబీలో ఒక దుకాణంలో పెద్ద క్యాను నుంచి కొలిచి సీసాలో పోసి ఇచ్చే విడి ఆయిల్ కొన్నాను. సుడిదోమ పడి, ఒక్క రోజు కూడా ఆగడానికి వీలులేని సమయంలో స్ప్రేయర్ ఊపు తగ్గుతూ వచ్చి, చివరకు పొలం మధ్యలో ఆగిపోయింది. ఇంటికి తెచ్చి సైలెన్సర్ విప్పితే, ఎగ్జాస్ట్ రంధ్రం సగానికి పైగా కార్బన్‌తో పూడిపోయి ఉంది. వెదురుపుల్లతో గీకుతుంటే అది తారు పెచ్చుల్లా ఊడి వచ్చింది. పై రింగు గాడిలోనే అతుక్కుపోయి కదలలేదు, పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపున నిలువు గీతలు పడ్డాయి. రింగులు, పిస్టన్ మార్చడానికి అయిన ఖర్చు కన్నా, ఆ నాలుగు రోజులు మందు పడక దెబ్బతిన్న పంట ఎక్కువ బాధ పెట్టింది. డబ్బా వెనక ఏముందో చదవకుండా ఆయిల్ కొనడం ఆనాటితో మానేశాను.

జపాన్ వారి జాసో ప్రమాణంలో టూ స్ట్రోక్ ఆయిల్స్‌కు ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అనే తరగతులు ఉన్నాయి. చాలామంది ఎఫ్‌డీ అంటే ఇంజన్‌కు ఎక్కువ జారుడునిచ్చే ఆయిల్ అనుకుంటారు, కానీ అది నిజం కాదు. జారుడు పరీక్షలో మూడింటికీ కావలసిన కనీస సూచీ ఒకటే, 95. తేడా అంతా పొగలోనూ, శుభ్రతలోనూ ఉంది. పొగ పరీక్షలో ఎఫ్‌బీకి 45 చాలు, ఎఫ్‌సీ, ఎఫ్‌డీలకు 85 ఉండాలి. పిస్టన్‌ను, రింగు గాడులను శుభ్రంగా ఉంచే గుణంలో ఎఫ్‌సీకి 95 సరిపోతే, ఎఫ్‌డీకి 125 రావాలి. గాలితో మాత్రమే చల్లబడుతూ, మే నెల ఎండలో కూడా పూర్తి థ్రాటిల్ మీద గంటల తరబడి తిరిగే చిన్న ఇంజన్‌కు ఆ చివరి అంకె ఎంత ముఖ్యమో నా పాత పిస్టన్ చూస్తే తెలుస్తుంది.

ఏడాది తరువాత, ఈ మధ్యనే స్ప్రేయర్ సైలెన్సర్ మళ్లీ విప్పాను. రంధ్రం అంచున పలుచని మసి తప్ప ఏమీ లేదు, గుడ్డతో తుడిస్తే వచ్చేసింది. రింగును గోటితో నొక్కితే స్ప్రింగులా లోపలికి వెళ్లి బయటికి వస్తోంది. ప్లగ్గు కొస తడి లేకుండా కాఫీపొడి రంగులో ఉంది. వీటన్నిటికన్నా ముందుగా నేను గమనించింది పొగ తగ్గడం. స్ప్రేయర్‌ను వీపున మోసే మనిషి ఆ పొగను పూటంతా పీలుస్తాడు, గాలి లేని ఉదయాల్లో అది వరి దుబ్బుల మీదే నిలిచిపోతుంది. మందు కొట్టడానికి వచ్చే అబ్బాయి రెండో రోజే, “అన్నా, ఈసారి కళ్లు మండటం లేదు” అన్నాడు. ధర మామూలు టూటీ ఆయిల్‌కు రెట్టింపు కన్నా ఎక్కువే అయినా, ఆ ఒక్క మాటకే నేను దీన్ని కొంటాను.

కొలత విషయంలో ఇంజన్ తయారీదారు చెప్పినదే పాటించాలి. నా స్ప్రేయర్‌కు 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. బండికి నేను 25 పోస్తాను. మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా పశువుల ఇంజెక్షన్ సిరంజితో కొలుస్తాను. ఆయిల్ ఎక్కువైతే ఇంజన్‌కు మేలే కదా అనేవారు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆయిల్ పెరిగితే కార్బ్యురేటర్ జెట్టు గుండా వెళ్లే పెట్రోలు పాలు తగ్గి, మిశ్రమం పలచబడి, ఇంజన్ మరింత వేడెక్కుతుంది. ప్లగ్గు తడవడం, కార్బన్ పట్టడం సరేసరి.

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకు దగ్గర మాజ్దా ఆర్ఎక్స్-8 ఉంది. అందులోది పిస్టన్లు లేని రోటరీ ఇంజన్. నీ ఆయిలే నేనూ పోయవచ్చా అని అతడు అడిగినప్పుడు, వెంటనే అవునని చెప్పలేకపోయాను. ఆ ఇంజన్‌లో మీటరింగ్ పంపు సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) ఇంజన్ ఆయిల్‌నే కొద్ది కొద్దిగా లోపలికి పంపి, రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీళ్లను తడుపుతుంది. కాలిపోవడానికి చేసిన ఆయిల్ కాదు కాబట్టి అది బూడిద మిగులుస్తుంది. అందుకే చాలామంది ఓనర్లు పంపును అలాగే ఉంచి, పెట్రోలులో లీటరుకు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ అదనంగా కలుపుతారు. అక్కడ బేరింగులను చూసుకోవడానికి సంపు ఆయిల్ ఎలాగూ ఉంది, కలిపే ఆయిల్ పని సీళ్ల వరకే. కనుక శుభ్రంగా కాలి, బూడిద అతి తక్కువగా మిగిల్చే గుణమే మొదట చూడాలి. పడవల ఔట్‌బోర్డ్ మోటార్లకు చేసే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్‌లో బూడిదనిచ్చే లోహపు సంకలనాలు ఉండవు కాబట్టి, రోటరీ వాళ్లలో కొందరు దానినే ఇష్టపడతారు. ఎఫ్‌డీ సింథటిక్ వాడేవారూ ఉన్నారు, ఇంత తక్కువ కొలతలో రెండూ సమంజసమే అని అతడికి రాశాను. అయితే ఆ పడవ ఆయిల్‌ను నా స్ప్రేయర్‌లో మాత్రం పోయను. అది నీటితో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది, గాలితో చల్లబడే ఇంజన్ వేడికి ఉద్దేశించినది కాదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన కోస్తా గాలిలో తేమకు కొదవ లేదు. అందువల్ల ఏ పూటకు కావలసినది ఆ పూటే కలుపుతాను, మిగిలినది సాయంత్రం బండిలో పోసేస్తాను. పని అయ్యాక స్ప్రేయర్ ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లోని పెట్రోలు అయిపోయి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడుపుతాను.

రోజుకు అయిదారు కిలోమీటర్లు మాత్రమే తిరిగే పాత స్కూటరుకైతే ఇంత ఖరీదైనది అక్కరలేదు, సీలు వేసిన ఎఫ్‌సీ ఆయిల్ చాలు. రోజంతా మందు కొట్టే యంత్రానికి మాత్రం ఎఫ్‌డీ తీసుకోండి. మోటుల్ 710 నాకు నెల్లూరులో కొన్ని దుకాణాల్లోనే దొరికింది, కాబట్టి నాట్లు అయ్యేలోపే సీజన్‌కు సరిపడా లీటరు డబ్బాలు తెచ్చిపెట్టుకుంటున్నాను.