మెదక్ చర్చికి వెళ్లండి, రాత్రి మాత్రం ఉండకండి

హైదరాబాద్ నుంచి మెదక్ వంద కిలోమీటర్ల లోపే. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి మా ఆవిడకీ అత్తమ్మకీ ఆధార్ చూపిస్తే జీరో టికెట్, డబ్బులు నాకొక్కడికే. అక్కడిదాకా హాయి.

బస్టాండ్ దగ్గర లాడ్జిలో ఏసీ గది 1,600 అన్నాడు. డబ్బు తీసుకుని తాళం ఇచ్చాక, ఏసీ రిమోట్‌కి ఇంకో 300 అట. ముందే చెప్పాలి కదా అంటే, "అందరూ ఇస్తారు సార్, మీరొక్కరే అడుగుతున్నారు" అని టీవీ వైపు తిరిగిపోయాడు. ఇచ్చాం. చల్లగాలి రాలేదు, దుప్పటి ఉతికిన వాసన లేదు. బాత్రూంలో మగ్గు కూడా లేకపోతే అత్తమ్మ వాటర్ బాటిల్ కోసి మగ్గు చేసుకుంది. మా ఆవిడ తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు, ఆ లాడ్జి నేనే కట్టించినట్టు!

పొద్దున ఆటోకి 60 ఇచ్చి చర్చికి వెళ్తే ఆ కోపం సగం దిగింది. గంట గోపురం 175 అడుగులు. లోపల రాతి స్తంభాల మధ్య 5,000 మంది పడతారట. కిటికీల అద్దాలు బయటి నుంచి మసి పట్టినట్టు ఉంటాయి. చూసి పెదవి విరవకండి. లోపలికి వెళ్లి తలెత్తండి. బలిపీఠం వెనక కిటికీలో క్రీస్తు ఆరోహణం (పరలోకానికి వెళ్లడం), ఒక పక్క జననం, ఇంకో పక్క సిలువ. ఎండ పడితే నీలం, ఎరుపు రంగులు భగ్గుమంటాయి, మబ్బు వస్తే బొమ్మ మొత్తం వాడిపోతుంది. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన బొమ్మలవి. చీకటి పడ్డాక వెళ్తే వీటిలో ఏదీ కనబడదు, కాబట్టి సాయంత్రం బస్సు పెట్టుకోకండి.

ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దీన్ని 1914లో మొదలుపెట్టాడు. కరువు రోజుల్లో ఊరికే గంజి పోయకుండా, పని ఇచ్చి తిండి పెట్టాడని చెబుతారు. 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. మోకాళ్ల నొప్పితో సణుగుతూ వచ్చిన అత్తమ్మ చెప్పులు విప్పి ఆ చల్లటి మొజాయిక్ నేల మీద అరగంట నడిచింది. "ఈ పువ్వుల డిజైన్ మన హాల్లో వేయించొచ్చుగా" అని నాకే ఖర్చు పెట్టింది.

క్రిస్మస్ రోజుల్లో అడుగు పెట్టే చోటుండదు. మామూలు రోజు ఉదయం వెళ్లి, ఎండ మళ్లేదాకా కూర్చుని, మధ్యాహ్నం బస్సుకి వచ్చేయండి. లాడ్జికి పెట్టే 1,900 మీ జేబులోనే ఉంటుంది.