చుక్కల కిట్‌తో రెండేళ్లు: ట్యాంకు కంటే ముందు కుళాయి నీళ్లు చూడాల్సింది

ఇంట్లో చేపల ట్యాంకు పెట్టి మొదటిసారి వేసిన ఎనిమిది గప్పీలు వారం తిరక్కుండానే పోయాయి. కొట్టాయన ఇచ్చిన బ్యాక్టీరియా సీసా పోశాను. "మూడు రోజులాగి ఏసెయ్యండి సార్, ఏం గాదు" అన్నాడు, వేసేశాను. నీళ్లు మాత్రం చివరిదాకా అద్దంలా ఉన్నాయి. ఆ ఉక్రోషంలో నాలుగు వేలకు కాస్త అటూ ఇటూగా పెట్టి చుక్కలతో పరీక్షించే కిట్ కొన్నాను. కంపెనీ పేరు రాస్తే ప్రకటన అయిపోతుంది, వదిలేస్తున్నాను. రెండేళ్లలో రెండు ట్యాంకులు దీంతోనే సైక్లింగ్ చేశాను. సైక్లింగ్ అంటే, చేపలకు విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను ట్యాంకులో ముందే పెంచుకోవడం.

పెట్టెలో ఉండేవి పీహెచ్, హై రేంజ్ పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ సీసాలు, 5 మిల్లీలీటర్ల గీత ఉన్న గాజు ట్యూబులు, ఒక రంగుల కార్డు. అమ్మోనియాకు రెండు సీసాల్లోంచి ఎనిమిదేసి చుక్కలు వేసి ఐదు నిమిషాలాగాలి. లేత పసుపులో ఉంటే లేదన్నట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. నైట్రైట్ లేత నీలం నుంచి నేరేడు రంగుకు పోతుంది. సీసాను నిటారుగా తలకిందులు చేసి పట్టుకోవాలి. వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోయి లెక్క తప్పుతుంది.

నైట్రేట్ దగ్గరే అసలు తంటా. రెండో సీసాలోని మందు అడుక్కు దిగిపోతుంది. ముప్పై సెకన్లు గట్టిగా కొట్టి కొట్టి ఊపాలి, చుక్కలు వేశాక ట్యూబును ఇంకో నిమిషం ఊపాలి. బద్ధకించిన రోజు నైట్రేట్ తక్కువ చూపిస్తుంది, మనమేమో సంబరపడతాం. మొదటి నెలలో నేను రాసుకున్న అంకెల్లో సగం అలాంటివే.

మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. వాడకానికి బోరు నీళ్లు, తాగడానికి ఆర్వో. 60 లీటర్ల ట్యాంకు నింపి, చేపలు వేయకుండా, అమ్మోనియా కోసం అమ్మోనియం క్లోరైడ్‌తో సైక్లింగ్ మొదలుపెట్టాను. కళాయి పోసేవాళ్లు వాడే నవసాగరమంటే ఇదే. కానీ బజార్లో దొరికేదాంట్లో ఇంకేం కలిసి ఉంటుందో తెలియదు కనుక ల్యాబ్ రసాయనాల షాపులో తెచ్చాను. 10 గ్రాములు 250 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, అందులోంచి 10 మిల్లీలీటర్లు పోస్తే 60 లీటర్లకు సుమారు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాముల) అమ్మోనియా వస్తుంది. కిట్‌లోనూ అదే వచ్చింది. దాంతో దాని మీద నమ్మకం కుదిరింది.

నాలుగో రోజు నైట్రేట్ చూస్తే టమాటా చారు రంగు. 40 పీపీఎం! సైక్లింగ్ అయిపోయిందని ఇల్లంతా చాటాను. అమ్మోనియా చూస్తే ఎక్కడిదక్కడే 2. నైట్రైట్ జాడే లేదు. కిట్ పాడైందనుకుని రెండు రోజులు తిట్టుకున్నాను. మా అమ్మాయి "నాన్నా, కుళాయి నీళ్లు చూశావా?" అంది. చూస్తే అందులోనే 40. తాగునీటికి మన దేశ ప్రమాణంలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. చేపల సంగతి పక్కనపెట్టి ఆ రాత్రి ఆర్వో ఫిల్టర్ ఎప్పుడు మార్చామా అని రసీదులు వెతికాను.

పదో రోజుకు నైట్రైట్ కనిపించింది. ఇరవయ్యో రోజుకల్లా పోసిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమవుతోంది గానీ నైట్రైట్ మాత్రం చిక్కటి నేరేడు రంగులోనే వారాల తరబడి ఉండిపోయింది. దీని లెక్క ఎవరూ ముందే చెప్పరు. 1 పీపీఎం అమ్మోనియా మారితే దాదాపు 2.7 పీపీఎం నైట్రైట్ అవుతుంది. అంటే 2 పీపీఎం ఒక్క మోతాదుతోనే కార్డులో చివరి గడి అయిన 5 దాటిపోతాం. ఆ పైన ఎంతున్నా రంగు ఒకటే. అప్పుడు 1 మిల్లీలీటరు ట్యాంకు నీళ్లలో 4 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చినదాన్ని ఐదుతో గుణించుకోవాలి. ఇలా చేశాకే అంకె రోజూ తగ్గుతున్నట్టు తెలిసింది, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. పైగా నైట్రేట్ పరీక్ష నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది కాబట్టి, ట్యాంకులో ముందే ఉన్న నైట్రైట్ కూడా ఆ లెక్కలోనే పడిపోతుంది. నైట్రైట్ సున్నాకు రాకముందు నైట్రేట్ కొలవడం మందు దండగ.

ముప్పై ఎనిమిదో రోజున, పోసిన 2 పీపీఎం ఇరవై నాలుగు గంటల్లో నైట్రైట్‌తో సహా సున్నా అయింది. బోరు నీళ్లతో నీరు మారిస్తే నైట్రేట్ 40 కంటే దిగదు కదా, అందుకని సగం ఆర్వో కలిపి మార్చాను.

ఆ తెలివితోనే రెండో ట్యాంకు, 25 లీటర్లది, మొత్తం ఆర్వో నీళ్లతో నింపాను. మూడు వారాలకు అంతా ఆగిపోయింది. అమ్మోనియా కదలదు. పీహెచ్ చూస్తే పసుపు, 6.0. ఈ పరీక్షకు అదే అడుగు గడి, అసలు పీహెచ్ అంతకంటే ఎంత కిందుందో చెప్పదు. ఆ బ్యాక్టీరియా పని చేస్తూ నీటిలోని క్షారతను తినేస్తుంది, ఆర్వోలో అది చాలా తక్కువ. సగం బోరు నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో మళ్లీ కదిలింది. దీన్ని ముందే పట్టించే కేహెచ్ పరీక్ష, అంటే ఆ క్షారతను కొలిచేది, ఈ పెట్టెలో లేదు, విడిగా కొనాలి. ఇంత ధర పెట్టి కొన్నాక ఇది నాకు గట్టి ఫిర్యాదే.

రంగుల సంగతి. అమ్మోనియాలో 0, 0.25 మధ్య తేడా ట్యూబులైట్ కింద ఎవరికీ తెలియదు. పగలు కిటికీ దగ్గర, కార్డులోని తెల్లభాగానికి ఆనించి చూస్తాను. అయినా అనుమానముంటే పక్కనే డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకో ట్యూబు పెట్టి పోలుస్తాను. 0.25 అంటే కొంపలు మునగవని కూడా అనుకోకూడదు. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో కిట్ చూపించే మొత్తం అమ్మోనియాలో అసలు విషపు రూపం వాటా ఒక శాతం లోపే, పీహెచ్ 8లో ఆరు శాతం దాటుతుంది. మా బోరు నీళ్లది 8. నైట్రేట్‌లో 40, 80 గడుల తేడా మాత్రం ఇప్పటికీ మా అమ్మాయినే అడుగుతాను.

స్ట్రిప్పులు కూడా ఒక డబ్బా కొన్నాను. ముంచి తీస్తే క్షణాల్లో తెలుస్తుంది. అయితే నేను కొన్న డబ్బాలో అమ్మోనియా గడే లేదు, సైక్లింగ్‌కు ముఖ్యంగా కావలసింది అదే. వర్షాకాలంలో తేమ తగిలి సగం స్ట్రిప్పులు ముందే రంగు మారాయి.

ఒక జాగ్రత్త: సీసాల్లో యాసిడ్, బ్లీచింగ్ లాంటి మందులున్నాయి, పిల్లలకు అందనివ్వొద్దు. ట్యూబులు వాడగానే కడగాలి. నైట్రేట్ మరక ఎండిపోతే మర్నాటి పరీక్ష అబద్ధమాడుతుంది.

ఇప్పుడు నా దగ్గర అమ్మోనియా సీసాలు అడుగంటాయి, మామూలు పీహెచ్ సీసా సగానికి పైనే ఉంది. మళ్లీ మొత్తం పెట్టె కొనను, అమ్మోనియా విడిగా తెప్పించుకుని, మిగిలిన డబ్బుతో కేహెచ్ సీసా తీసుకుంటాను.