హనుమకొండలో పాత కెమెరా కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సెకండ్ హ్యాండ్ కెమెరా కోసం షాపులు తిరుగుతున్న కాలేజీ పిల్లలందరికీ ఈ మాట చెప్పాలి. ఫిబ్రవరి చివర్లో హనుమకొండలోని ఒక షాపులో నికాన్ డి5300 బాడీ, 50 ఎంఎం 1.8జి లెన్స్ కలిపి 24,500 రూపాయలకు కొన్నాను. లెన్స్ లోపల ఫంగస్ ఉంది. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా కెమెరా ఎన్ని ఫోటోలు తీసిందనే లెక్క, 12 వేలని చెప్పి అమ్మారు, తీరా చూస్తే 87 వేలు దాటింది. లోపల వెలుతురు పడి ఫోటో తయారయ్యే సెన్సర్ మీద మచ్చలున్నాయి. షాపులో నిలబడి గంట సేపు చూసినా ఇందులో ఒక్కటీ నాకు కనబడలేదు. ఎందుకు కనబడలేదో తర్వాత అర్థమైంది. షాపు పేరు రాయడం లేదు, నేను చెప్పే పరీక్షలు ఏ షాపులోనైనా పనికొస్తాయి.

ఆ డబ్బు సగం నా స్కాలర్‌షిప్, మిగతా సగం మా వాడలో ఆరో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పి ఏడాదిన్నరగా దాచుకున్నది. అప్పటిదాకా అన్నీ ఫోన్‌తోనే తీసేదాన్ని. సాయంత్రం క్లాసులయ్యాక భద్రకాళి చెరువు గట్టు, ఆదివారం వరంగల్ కోటలో కీర్తి తోరణాలు, వేయి స్తంభాల గుడి నంది. ఆ నంది నల్లరాయి ఎంత నునుపంటే, ఎండ పడితే మెరుపులో వివరం మొత్తం పోయేది. ఆ ఒక్క ఫోటో సరిగ్గా తీయాలని కెమెరా కొనుక్కోవాలనుకున్నాను. పైగా మోదుగులు పూసే రోజులు. మా వైపు మోదుగు పూత ఫిబ్రవరి, మార్చిలోనే. ఆకులన్నీ రాలిపోయి చెట్టు చెట్టంతా ఎర్రగా కనబడేది కొద్ది వారాలే. అది పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. అందుకే తొందరపడ్డాను. ఆ తొందర షాపు అన్నకు నా మొహంలోనే తెలిసిపోయి ఉంటుంది.

"చెల్లె, ఇది ఒక డాక్టర్ సార్ ఇంట్లో వాడిన పీస్. పాప పుట్టినప్పుడు నాలుగు ఫోటోలు తీసి బీరువాలో పెట్టిండు. పన్నెండు వేల షాట్లే తిరిగింది" అన్నాడు. ముందు ఇంకో 50 ఎంఎం లెన్స్ చూపించాడు, ధర చాలా తక్కువ. అది పాత డి రకం. డి5300 బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు, కాబట్టి ఆ లెన్స్ పెడితే ఆటోఫోకస్ పని చేయదు, ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి. ఇది నాకు ముందే తెలుసు కాబట్టి అక్కడ మోసపోలేదు. డి3000, డి5000 వరుస బాడీలు కొనేవాళ్ళు లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకోండి, ఉంటే మోటార్ లెన్స్‌లోనే ఉందని అర్థం.

ఆ తర్వాత 1.8జి లెన్స్ పెట్టి, నా స్నేహితురాలిని కౌంటర్ దగ్గర నిలబెట్టి ఫోటో తీశాను. వెనకాల అంతా మెత్తగా కరిగిపోయి, ఆమె కళ్ళు మాత్రం స్పష్టంగా వచ్చాయి. ఇద్దరం మస్తు ఖుషీ అయ్యాం. నా పొరపాటు అక్కడే జరిగింది. షాపులో ట్యూబ్ లైట్ కింద, ఎఫ్ 1.8 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి తీస్తే సెన్సర్ మీద ఎంత దుమ్మున్నా కనబడదు. లెన్స్‌లో ఫంగస్ ఉన్నా, వెలుతురు ఎదురుగా లేకపోతే తేడా దాదాపు తెలియదు. ఏ లోపమూ బయటపడని చోట నిలబడి పరీక్ష చేశాను.

బిల్లు అడిగితే చిన్న కాగితం మీద "కెమెరా 1, లెన్స్ 1" అని రాసి ఇచ్చాడు. షాపు ముద్ర లేదు, సీరియల్ నంబర్ లేదు. డబ్బు కూడా కౌంటర్ మీదున్న క్యూఆర్ కోడ్‌కు కాకుండా వేరే నంబర్‌కు యూపీఐ చేయమన్నాడు. ఎందుకన్నా అని అడగాల్సింది. అడగలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నే రామప్పకు పోయాం. హనుమకొండ నుంచి డెబ్భై కిలోమీటర్ల లోపే, ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ములుగు దాటాక రోడ్డు పక్కన మోదుగులు కనబడగానే ఆటో ఆపించాం. ఒక కొమ్మ నా ఎత్తుకే వంగి ఉంది. చిలక ముక్కులా వంగిన రేకు, దాన్ని పట్టుకున్న నల్లటి ముఖమల్ తొడిమ, రేకు మీద సన్నటి నూగు. హోలీకి మా అమ్మమ్మ ఈ పూలనే మరిగించి పసుపు కలిసిన కాషాయం రంగు తీసేది, బట్టల మీద పడితే రెండు ఉతుకులకు పోయేది. సూర్యుడు చెట్టు వెనకాల ఉన్నాడు. రేకుల్లోంచి వెలుతురు వస్తుందని కింద కూర్చుని పాతిక ఫోటోలు తీశాను. స్క్రీన్ మీద చూస్తే అన్నీ తెల్లగా, పాలు కలిపినట్టు ఉన్నాయి. ఎండ ఎక్కువైందేమో అనుకున్నాను.

గుడి దగ్గరా అదే జరిగింది. 1213లో కట్టిన గుడి అది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలుంటాయి. కింద నుంచి పైకి చూస్తే వాటి వెనక ఆకాశం వెలుగుతుంటుంది. ఆ నలుపు రావాల్సిన చోట బూడిద రంగు వచ్చింది. మెడలోని హారాలు, నడుము దగ్గరి గొలుసు, ఏ గీతకూ పదును లేదు. నా స్నేహితురాలు అదే చోట ఫోన్‌తో తీసిన ఫోటో నా ఫోటో కంటే బాగుంది. తిరుగు ప్రయాణంలో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక గదిలో లైటు తీసేసి, లెన్స్ విప్పి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు వైపు నుంచి కొంచెం ఏటవాలుగా చూశాను. లోపలి అద్దం అంచున సాలెగూడు లాంటి సన్నటి పోగులు, కొమ్మలు కొమ్మలుగా మధ్య దాకా పాకి ఉన్నాయి. దుమ్మయితే చుక్కల్లా ఉంటుంది. ఫంగస్ ఇలా వేళ్ళలా అల్లుకుంటుంది. తేమ తగిలేలా మూసిపెట్టిన లెన్సుల్లో పెరుగుతుంది, ఎక్కువ రోజులుంటే అద్దం మీది కోటింగ్‌ను తినేస్తుంది. అప్పుడిక శుభ్రం చేసినా మరక పోదు. ఎదురు వెలుతురులో ఫోటోలు పాలిపోవడానికి కారణం ఇదే.

మరుసటి రోజు ఎఫ్ 16 పెట్టి, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి, ఖాళీ ఆకాశాన్ని తీశాను. కుడి పై మూలన తొమ్మిది మచ్చలు. ఆ తర్వాత కెమెరాలోంచి నేరుగా తీసిన జేపెగ్ ఫైల్‌ను షట్టర్ కౌంట్ చూపించే సైట్‌లో పెట్టాను. 87,412 అని వచ్చింది. డి5300 షట్టర్‌ను కంపెనీ పరీక్షించింది లక్ష సార్లకు. అంటే లక్ష కాగానే ఆగిపోతుందని కాదు, కానీ పన్నెండు వేలు తిరిగినదానికీ దీనికీ ధర ఒకటి కాదు. డాక్టర్ సార్ కథ అబద్ధం. పెళ్ళిళ్ళలో వాడిన బాడీ అయ్యుంటుందని నా అనుమానం.

షాపుకు పోతే, "పాత సామానుకు గ్యారంటీ ఏముంటది చెల్లె, నువ్వే చూసుకుని తీసుకున్నవ్ కదా" అన్నాడు. ఫంగస్ నా ఇంట్లోనే వచ్చిందన్నాడు. వారం రోజుల్లో అంత ఫంగస్ అల్లుకోదని చెప్పినా వినలేదు. నాకు ఏడుపొచ్చింది, బయటికి వచ్చేశాను. కానీ ఆ రాత్రి మా అక్క కూర్చోబెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయించింది. యూపీఐ స్క్రీన్‌షాట్, చేతిరాత చీటీ, ఫంగస్ ఫోటోలు అన్నీ పెట్టి ఫిర్యాదు నమోదు చేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడం కూడా తప్పే. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోయినా, కొన్న ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కట్టక్కర్లేదు. ఈ విషయాలన్నీ కాగితం మీద రాసి, అక్కను వెంటబెట్టుకుని మళ్ళీ పోయాను. ఈసారి లెన్స్ వెనక్కి తీసుకుని 8,000 ఇచ్చాడు. బాడీ మాత్రం తీసుకోలేదు. దాని ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మీరు కొనేటప్పుడు దయచేసి ఇలా చేయండి. కెమెరాను షాపు బయటికి, పగటి వెలుతురులోకి తెచ్చి చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. లెన్స్‌లోకి టార్చ్ వేసి రెండు వైపుల నుంచీ చూడండి. ఎఫ్ 16 దగ్గర ఆకాశాన్ని గానీ తెల్ల గోడను గానీ తీసి, ఫోటోను పెద్దది చేసి మూలమూలా వెతకండి. సెన్సర్ దుమ్ము శుభ్రం చేయించుకోవచ్చు, దానికోసం కెమెరా వదులుకోనక్కర్లేదు, ధర తగ్గించమని అడగండి చాలు. ఫంగస్ ఉంటే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. షట్టర్ కౌంట్ కోసం మీ సొంత మెమరీ కార్డు పట్టుకెళ్ళి, మీరే ఒక ఫోటో తీసి, ఆ ఫైల్‌నే చూడండి. వాళ్ళు వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఆ వివరాలు ఉండవు. నికాన్‌లో ఈ పద్ధతి పని చేస్తుంది. కెనాన్‌లో చాలా మోడళ్ళు ఫోటోలో కౌంట్ రాయవు, అక్కడ అమ్మేవాళ్ళ మాటకు విలువ ఇవ్వకుండా కెమెరా అరుగుదల, గ్రిప్ రబ్బరు, పైన ఫ్లాష్ బిగించే చోటు (హాట్ షూ) మీది గీతలు చూసి ధర కట్టండి. బాడీ మీద ఉండే సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించండి. దొంగ సరుకైతే రేపు మిమ్మల్నే అడుగుతారు. డబ్బు షాపు పేరు మీదున్న ఖాతాకే పంపండి.

మొన్న కోటకు పోయి వస్తూ ఆ షాపు ముందు నుంచి నడిచాను. నేను తిరిగి ఇచ్చిన లెన్స్ అద్దాల బీరువాలో మళ్ళీ అమ్మకానికి ఉంది. ముందు రింగ్ మీద, గడియారంలో ఎనిమిది ఉండే చోట, గోటితో గీసినట్టు సన్నటి తెల్ల గీత ఉంటుంది. ఆ గీత కనబడితే తీసుకోకండి.