పీజీలో బీపీఎం చదువు: చిత్తూరు మామిడి పరిశ్రమలో వాడి చూశాక నా సమీక్ష

బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్‌ను (బీపీఎం, అంటే సంస్థలో పనులు సాగే తీరును విశ్లేషించి మెరుగుపరిచే విద్యను) ప్రత్యేకాంశంగా తీసుకుని తిరుపతిలో ఎంబీఏ పూర్తి చేసిన నేను, చిత్తూరు సమీపంలోని ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో ఆపరేషన్స్ విభాగంలో చేరి, కొన్నేళ్లుగా ఆ చదువును రోజూ పనిలో పెడుతున్నాను. ఈ కోర్సు తీసుకోవాలా వద్దా అని అడిగే విద్యార్థులకు నా అభిప్రాయం ముందే చెబుతాను: తీసుకోవలసిన చదువే. అయితే తరగతిలో ఎక్కువ గంటలు పట్టే పాఠాలు ఒకటి, ఉద్యోగంలో అక్కరకు వచ్చే పాఠాలు మరొకటి.

మా సెమిస్టరులో సింహభాగం బీపీఎంఎన్ బొమ్మలకే, అంటే పని సాగే తీరును నిర్ణీత గుర్తులతో గీసి చూపే పద్ధతికే, పోయింది. కంప్యూటర్ రంగ ప్రమాణాలు రూపొందించే ఓఎంజీ సంస్థ 2011లో విడుదల చేసిన 2.0 రూపమే ఆ తర్వాత ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది కాబట్టి, దాన్ని నేర్చుకోవడం వృథా కాదు. ఏ పని ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో ఒక్క కాగితం మీద కనిపించడం గొప్ప సౌకర్యమే. కానీ నిత్యం వాడుకునే గుర్తులు చాలా కొద్ది. మిగిలిన వాటిని పరీక్ష కోసం బట్టీ పట్టించే సమయాన్ని పరిమాణాత్మక విశ్లేషణకు, అంటే ఎంతసేపు, ఎన్ని అని లెక్కగట్టే పాఠాలకు ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఆ విశ్లేషణ ఎందుకు ముఖ్యమో తోతాపురి సీజన్‌లో మా గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. దామలచెరువు, బంగారుపాళ్యం వైపు నుంచి కాయలతో వచ్చిన ట్రాక్టరు టోకెన్ తీసుకుంటుంది, కాటా ఎక్కుతుంది, శాంపిల్ కాయలు కోసి నాణ్యత చూస్తారు, హమాలీలు సరుకు దింపుతారు, ఖాళీ బండి మళ్లీ కాటా ఎక్కి చీటీతో బయటపడుతుంది. జాన్ లిటిల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1961లో గణితపరంగా నిరూపించిన సూత్రం ప్రకారం, ఒక వ్యవస్థలో సగటున ఉన్న వాటి సంఖ్య, అవి వచ్చే రేటును ఒక్కొక్కటి లోపల గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఆవరణలో నిలకడగా 60 బండ్లు ఉండి, గంటకు 6 వచ్చి 6 వెళ్తున్నాయంటే, ఒక్కో బండికి సగటున 10 గంటలు పడుతున్నట్టే. ‘నా బండి ఎప్పుడు దిగుతుంది సార్?’ అని ఎండలో నిలబడి అడిగే రైతుకు, ఇంకాసేపట్లో అని దాటవేయకుండా నిజమైన జవాబు చెప్పగలిగేది ఈ లెక్కతోనే. సరుకు దింపే చోట జాప్యం ఉన్నప్పుడు ఇంకో కాటా పెట్టడం వల్ల ప్రయోజనం లేదని యాజమాన్యానికి చూపించగలిగిందీ దీనితోనే.

దీనికి తోడుగా వచ్చే క్యూయింగ్ పాఠం, అంటే వరుసలు ఎందుకు, ఎంత పెరుగుతాయో లెక్కగట్టేది, ఇంకా విలువైనది. బండ్ల రాకకు ఒక క్రమం లేక, ఒక్కోదానికి పట్టే సమయమూ మారుతూ, దింపే చోటు ఒకటే ఉన్న అతి సరళమైన నమూనాలో, ఆ చోటు 80 శాతం సమయం పనిలో ఉంటే దిగుతున్న బండితో కలిపి అక్కడ సగటున 4 బండ్లు ఉంటాయి. 90 శాతం అయితే 9, 95 శాతం అయితే 19. 90 నుంచి 95కి వెళ్లే ఆ 5 శాతం సామర్థ్యాన్ని పిండుకోబోతే వరుస రెట్టింపు దాటుతుందన్న మాట. యంత్రం ఒక్క నిమిషం ఖాళీగా ఉన్నా నష్టమే అనుకునే చోట ఈ విషయాన్ని ఒప్పించడానికి ఓపిక కావాలి. తిరుపతి వారికి మాత్రం ఇందులోని పరిష్కారం కొత్తది కాదు. శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో తిరుమల దర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చి, భక్తుల రాకను గంటల వారీగా సర్దడం మనం చూస్తూనే ఉన్నాం. మేమూ ముందు రోజు సాయంత్రమే ర్యాంపుల (రైతుల కాయలు సేకరించి పంపే కేంద్రాల) వారికి సమయాలు చెప్పడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం దిగవలసిన సరుకు తెల్లవారుజామునే వచ్చి నిలబడటం తగ్గింది.

పని పద్ధతిని మొదటి నుంచి కొత్తగా రూపొందించే పునర్నిర్మాణం (రీఇంజనీరింగ్) అనే భాగంలో, మేనేజ్‌మెంట్ నిపుణుడు మైకేల్ హామర్ 1990లో రాసిన వ్యాసం తప్పకుండా వస్తుంది. ఫోర్డ్ కంపెనీలో సరఫరాదారులకు చెల్లింపులు చూసే విభాగంలో 500 మందికి పైగా ఉండగా, మాజ్డాలో అదే పనికి 5 మందే ఉన్నారని అందులో ఉంది. ఇన్‌వాయిస్ కోసం ఎదురుచూడకుండా, సరుకు అందగానే కొనుగోలు ఆర్డరుతో సరిచూసి చెల్లించే పద్ధతి పెట్టాక, ఫోర్డ్ విభాగంలో 75 శాతం మంది తగ్గారు. ఆలోచన అద్భుతమైనదే, రైతుల చెల్లింపుల కోసం మూడు కాగితాలను సరిచూసే మా పద్ధతిలో ఒక కాగితాన్ని తీసేయడానికి అదే నాకు దారి చూపింది. కానీ ఆ 75 శాతం మంది ఏమయ్యారన్న ప్రశ్న మా తరగతిలో ఎవరూ లేవనెత్తలేదు. మా దగ్గర ఆ కాగితం రాసే గుమాస్తాకు టోకెన్ల పని అప్పగించిన తర్వాతే మార్పు అమలు చేయాలని నేను పట్టుబట్టాను. ఈ పట్టుదల సిలబస్‌లోనే ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను ఆకట్టుకున్నది, డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త విల్ వాన్ డెర్ ఆల్స్ట్ కృషితో ఎదిగిన ప్రాసెస్ మైనింగ్. ఏ కేసు (మా దగ్గరైతే ఏ బండి), ఏ పని, ఏ సమయం అనే మూడు వివరాలు ఉంటే చాలు, కంప్యూటర్ రికార్డుల నుంచే పని నిజంగా ఎలా జరుగుతోందో బొమ్మ కట్టవచ్చు. మేము సాధన చేసింది 2012 నాటి బీపీఐ ఛాలెంజ్ అనే ప్రాసెస్ మైనింగ్ పోటీకి ఇచ్చిన డేటా మీద. అది ఒక డచ్ ఆర్థిక సంస్థకు వచ్చిన 13,087 దరఖాస్తుల రికార్డు. 2,62,200 ఘటనలు వరుసగా, సమయాలతో సహా ఉంటాయి. ఫ్యాక్టరీలో అంత సిద్ధంగా ఏదీ దొరకదు. గేటు రిజిస్టరు చేతిరాత. నాణ్యత చీటీ మీద తేదీ ఉంటుంది కానీ సమయం ఉండదు. కాటా కంప్యూటర్‌లో సమయం కచ్చితంగా ఉన్నా టోకెన్ నంబరు ఉండదు. బండి నంబరుతో కలుపుదామంటే, ఒకరు ట్రాక్టరు నంబరు, మరొకరు ట్రాలీ నంబరు ఎక్కిస్తారు. పాత ఏపీ 03, కొత్త ఏపీ 39 బండ్ల నంబర్లను ఖాళీలతో ఒకసారి, ఖాళీలు లేకుండా ఒకసారి కొడతారు. పైగా అదే బండి ఒకే రోజు రెండోసారి వస్తుంది. కాటా తెర మీద టోకెన్ నంబరు కోసం ఒక గడి చేర్చించడమే నేను చేసిన అతి ముఖ్యమైన ప్రాసెస్ మైనింగ్ పని. ఆ తర్వాత పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ప్రాసెస్ మైనింగ్ కోసం ఉన్న పీఎం4పై లైబ్రరీతో బొమ్మ గీయడానికి పెద్దగా సమయం పట్టలేదు.

ఆపరేషన్స్, నాణ్యత, బ్యాంకింగ్ లేదా ఆసుపత్రి నిర్వహణ వైపు వెళ్లాలనుకునే వారికి, డిగ్రీ స్థాయి సంభావ్యత శాస్త్రం అంటే భయం లేకపోతే, ఈ చదువు బాగా ఉపయోగపడుతుంది. సాఫ్ట్‌వేర్ కొలువే లక్ష్యమైతే దీనితోపాటు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్, పైథాన్ విడిగా నేర్చుకోక తప్పదు. చేరేముందు సిలబస్ తెప్పించుకుని, క్యూయింగ్, సిమ్యులేషన్‌లకు (పనిని కంప్యూటర్‌లో నమూనాగా నడిపి చూడటానికి) ఎన్ని గంటలు కేటాయించారో, ప్రాజెక్టు కోసం విద్యార్థులను నిజమైన సంస్థకు పంపి అక్కడి ముడి రికార్డుల నుంచి లాగ్ (ఘటనల వరుస పట్టిక) తయారు చేయిస్తారో లేదో విభాగాధిపతినే అడగండి. ఆ రెండూ లేని చోట ఫీజు తక్కువైనా నేను సిఫారసు చేయను.