ఒక యూనిట్ మిక్సర్, ఒకే ఒక్క సెండ్: నాలుగేళ్ళు వాడాక

సౌండ్ మిక్సర్ కొనేటప్పుడు అందరం ముందు ఛానళ్ళే లెక్కపెడతాం. నేనూ అంతే. మొదట కొన్నది బల్ల మీద పెట్టుకునే పది ఛానళ్ళది. నేను ఒక్కడినే పాడతాను, కంజీర, మోర్సింగ్, గిటారు వాయిస్తాను, వెనక ఫోన్‌లో తంబూరా. వీటన్నిటినీ లూపర్‌లో, అంటే వాయించింది రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ తిప్పే డబ్బాలో, పొరలు పొరలుగా పేర్చుకుంటూ పోవడమే నా ప్రోగ్రాం. పది ఛానళ్ళంటే ఇంకా మిగులుతాయనుకున్నాను. ఛానళ్ళయితే మిగిలాయి గానీ, పాలకొల్లు దగ్గర ఒక పెళ్ళివారి హల్దీ ఫంక్షన్‌లో పరువు మిగల్లేదు.

జరిగిందేమిటంటే, ఆ మిక్సర్‌కి రికార్డింగ్ కోసం ఇచ్చిన అవుట్ నుంచి లూపర్‌కి వైరు ఇచ్చాను. లూపర్ అవుట్ తెచ్చి మళ్ళీ అదే మిక్సర్‌లో ఒక స్టీరియో ఛానల్లో పెట్టాను. రికార్డింగ్ అవుట్‌లో మెయిన్‌లోకి, అంటే సౌండ్ బాక్సులకి పోయే అవుట్‌లోకి, వెళ్ళే ప్రతిదీ ఉంటుంది, లూపర్ నుంచి తిరిగొచ్చిన శబ్దంతో సహా. అంటే లూపర్ తన శబ్దాన్ని తనే మింగుతోంది. ఇంట్లో చిన్న వాల్యూంలో పెట్టుకున్నప్పుడు గొంతు కాస్త డొల్లగా వినపడేది, మైకుదేలే అనుకునేవాణ్ణి. ఫంక్షన్‌లో సౌండ్ సిస్టం ఆయన "లూప్ వినపట్టం లేదండి, కొంచెం పెంచండి" అన్నాడు. పెంచాను. అంతే, పిల్లలు చెవులు మూసుకున్నారు. నేను ఆయన బాక్సుల వైపు చూస్తే ఆయన తాపీగా, "ఆయ్, కూత మా బాక్సులది కాదండి, మీ డబ్బాలోంచే వత్తంది" అన్నాడు. నూటికి నూరు పాళ్ళు నిజం.

ఆ రాత్రి తెలిసిందేమిటంటే, లూపింగ్ చేసేవాడు మిక్సర్‌లో ముందు చూడాల్సింది సెండ్, అంటే ఛానల్ శబ్దాన్ని విడిగా ఇంకో పరికరానికి పంపే దారి. ప్రతి ఛానల్‌కీ విడిగా సెండ్ నాబ్ ఉండాలి. గొంతు, కంజీర, గిటారు ఛానళ్ళకి ఆ నాబ్ తెరిచి ఉండాలి, లూపర్ తిరిగొచ్చే ఛానల్‌కి పూర్తిగా మూసి ఉండాలి. ఈ ఒక్కటి కుదిరితే ఛానళ్ళు ఆరున్నా చాలు.

తర్వాత భీమవరంలో ఆర్కెస్ట్రా మానేస్తున్న ఒక కీబోర్డు ఆయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పుడు వాడుతున్నది దొరికింది. ఒక యూనిట్ ఎత్తు, అంటే 44.45 మిల్లీమీటర్లు, సౌండ్ సామాను బిగించే 19 అంగుళాల రాక్‌లో రెండు మరలతో కూర్చుంటుంది. ఎనిమిది స్టీరియో ఛానళ్ళు, ఒక్కోదానికి మూడే నాబ్‌లు: లెవెల్, బ్యాలెన్స్, సెండ్. కంపెనీ పేరు అడక్కండి, కింద తిట్టబోతున్నాను. ఈ తరహా లైన్ మిక్సర్లు చాలామంది చేస్తారు, లోపల అన్నీ అన్నదమ్ములే.

కొనేముందు మాన్యువల్ చివర్లో ఉండే బ్లాక్ డయాగ్రం, అంటే లోపల శబ్దం ఏ దారిన పోతుందో చూపే బొమ్మ, అడిగి తెప్పించుకున్నాను. ఆ బొమ్మలో చూసుకోవాల్సింది సెండ్ ఎక్కడ పుడుతోందన్నది: లెవెల్ నాబ్‌కి ముందా, తర్వాతా. ముందు పుడితే ప్రీ-ఫేడర్, తర్వాతైతే పోస్ట్ (ఫేడర్ అంటే లెవెల్ సర్దేదే). ఎఫెక్టుల కోసం పెట్టిన సెండ్ సాధారణంగా పోస్ట్ ఉంటుంది, ఎకోకి అదే సుఖం. నాకు మాత్రం ప్రీయే కావాలి.

ఎందుకో చెప్తాను. లూపర్ రికార్డు చేసిందే కాదు, ఇప్పుడు పాడుతున్నది కూడా తనలోంచి బయటికి పంపుతుంది. మిక్సర్‌లో గొంతు ఛానల్ లెవెల్ కూడా ఎత్తి ఉంటే అదే గొంతు రెండు దారుల్లో మెయిన్‌కి చేరుతుంది, ఒకటి నేరుగా, ఇంకొకటి లూపర్ చుట్టూ తిరిగి. లూపర్ లోపల శబ్దం అంకెలుగా మారి మళ్ళీ శబ్దం కావడానికి కొంచెం సమయం పడుతుంది. తేడా ఒక్క మిల్లీసెకనే అనుకుందాం, రెండూ కలిసి కొన్ని స్థాయిల దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి: 500 హెర్ట్జ్ దగ్గర ఒక గొయ్యి, 1500 దగ్గర ఇంకొకటి, 2500 దగ్గర మరొకటి. గొంతులో గుజ్జంతా ఉండేది అక్కడే. డొల్లగా వినపడిందన్నానే, దానికి ఇదీ ఒక కారణం. నేరుగా వచ్చేదాన్ని పంపకుండా ఆపుకునే వీలు కొన్ని లూపర్లలో ఉంటుంది. లేకపోతే దారి ఒక్కటే, ఛానల్ లెవెల్ సున్నాకి దించి సెండ్ ద్వారా మాత్రమే పంపడం. సెండ్ పోస్ట్ అయితే లెవెల్ దించగానే అదీ చచ్చిపోతుంది.

నా లూపర్ బాస్ ఆర్‌సీ-505, 2013లో వచ్చిన మొదటి రకం. ఐదు ట్రాకులు, ఐదు ఫేడర్లు దాని మీదే ఉంటాయి. కాబట్టి లూపుల్ని కలిపే పని మిక్సర్‌ది కాదు. వాయిద్యాలన్నిటినీ ఒక చోట చేర్చి లూపర్‌కి అందించడం వరకే దాని కొలువు. ఇది తెలియక మొదట్లో పెద్ద మిక్సర్ల కోసం వెతికి ఏడాది పోగొట్టుకున్నాను.

ఇక తిట్లు. లైన్ మిక్సర్ అన్నారు కాబట్టి మైకు శబ్దాన్ని పెంచే ప్రీఆంప్ ఉండదు. నేరుగా మైకు పెడితే దోమ మూలిగినంత వినపడుతుంది. దీనికోసం రెండు మైకుల ప్రీఆంప్ ఇంకో యూనిట్ కొనాల్సి వచ్చింది, చవగ్గా అయిపోతుందనుకున్నది అక్కడే రెట్టింపైంది. గిటారు పికప్‌నీ నేరుగా పెట్టకూడదు. లైన్ ఇన్‌పుట్ దానికి బరువైపోయి పైస్థాయి అంతా చచ్చి, తడిగుడ్డ కప్పినట్టుంటుంది. మధ్యలో డీఐ బాక్సు, అంటే పికప్ మీద ఆ బరువు పడకుండా చూసే చిన్న డబ్బా, కావాలి.

శబ్దంలో కింది, పై స్థాయిల్ని సర్దుకునే ఈక్యూ కూడా లేదు. కంజీర వాయించేవాడికి ఇది చిన్న లోటు కాదు. నాది మేక తోలుది. వానాకాలం కోనసీమలో తోలు నీళ్ళతో తడపకుండానే శ్రుతి దిగిపోతుంది, గుంకీ (తోలు నొక్కుతూ మోతని వంచే దెబ్బ) వేస్తే మోత కింద ఎక్కడో మోగుతుంది. ఒక్క పొరలో వినసొంపే. అదే నాలుగు పొరలు పేరిస్తే బాక్సు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. ప్రీఆంప్‌లో 80 హెర్ట్జ్ కింద కోసేసే బటన్ ఒకటుంది, అదే నా ప్రాణం కాపాడుతోంది.

మ్యూట్ బటన్లూ లేవు. పాట మధ్యలో జనంతో ఒక మాట చెప్పాలంటే గొంతు సెండ్ మూయాలి, లెవెల్ తెరవాలి. మళ్ళీ పాడేముందు తిరగేయాలి. రెండుసార్లు మర్చిపోయి "అందరికీ నమస్కారమండీ" అన్న మాట లూప్‌లో పడి పాట అంతా నమస్కారాలు పెడుతూనే ఉంది. ఆ దెబ్బతో స్టేజీ మీద మాట్లాడ్డం తగ్గించాను. విన్నవాళ్ళు బాగుందంటున్నారు.

లెవెల్స్ విషయంలో ఒక సంగతి. ఇలాంటి రాక్ మిక్సర్ల అవుట్ మామూలుగా +4 డీబీయూ లెక్కలో, అంటే 1.23 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంటి సామాను -10 డీబీవీ లెక్క, 0.316 వోల్టులు. మధ్య తేడా దాదాపు 12 డెసిబెల్స్. అంత ఎక్కువ లెవెల్ వెళ్ళి లూపర్ ఇన్‌పుట్‌లో శబ్దం పగిలితే, ఆ పగిలిన శబ్దం లూప్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది, దించినా పోదు. నేను ప్రతి సెండ్ నాబ్‌కీ గడియారంలో పది దగ్గర అక్క నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. చీకట్లో లైటు పడితే ఎర్రగా కనిపిస్తుంది. చుక్క దాటేది మోర్సింగ్ ఒక్కటే.

మన్నిక గురించి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (గోదావరి దాటించే పడవ) మీద, బైకు వెనక కట్టుకుని చాలాసార్లే తిప్పాను. డబ్బాకి సొట్ట కూడా పడలేదు. ఉప్పు గాలి మాత్రం ఊరుకోలేదు. రెండో వానాకాలానికి రాక్ మరలు తుప్పుపట్టాయి, నాబ్ తిప్పితే కరకరమనడం మొదలైంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే ఆరు నెలలు నోరు మూసుకుంటుంది. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలన్నీ ఇప్పుడు నా కేసులోనే ఉన్నాయి.

కరెంటు సరఫరా లోపలే ఉంది, అడాప్టర్ లేదు. జనరేటర్ మీద నడిచే పందిళ్ళలో ఇది పెద్ద సుఖం, ఎవరి కాలో తగిలి పిన్ను ఊడదు. కానీ మూడు పిన్నుల ప్లగ్ కాబట్టి సౌండ్ వాళ్ళ వైపు ఎర్తూ నా వైపు ఎర్తూ కలిసి గుయ్‌మని మోత పెడుతుంది. చాలామంది చెప్పే చిట్కా "ఎర్త్ పిన్ను పీకెయ్ తమ్ముడూ". తడి నేల మీద, చేతిలో లోహపు మైకు పట్టుకుని, 230 వోల్టులతో ఆ ఆట వద్దు. శబ్దం వైర్లో రెండు వైపుల ఎర్తుల్ని విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ డీఐ రెండు పెట్టుకున్నాను. మోత పోయింది, పిన్ను ఉంది.

ట్యాబ్‌తో నడిచే డిజిటల్ రాక్ మిక్సర్ కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. దిండి రిసార్టులో ఒక ప్రోగ్రాంకి స్నేహితుడిది అరువు తెచ్చుకుని వాడాను. ఆక్స్‌లు, అంటే సెండ్లే, బోలెడు, ఒక్కోటి ప్రీయా పోస్టా అన్నది తెర మీద వేలితో మార్చుకోవచ్చు, ఈక్యూ ఉంది, మ్యూట్ ఉంది. కాగితం మీద నా మిక్సర్ దానికి కాలిగోటికి సరిపోదు. కానీ కంజీర తడిపిన వేళ్ళతో తెర ముడితే వినదు. మూడొందల ఫోన్ల మధ్య వైఫై ఒకసారి తెగింది. శబ్దం ఆగలేదు, అదే కొనసాగింది. ఆపడానికే నా చేతిలో ఏమీ లేకపోయింది. బ్యాండ్ ఉన్నవాళ్ళకి అదే కొనమంటాను, వేరే రౌటర్ పెట్టుకుని. ఒంటరిగా, రెండు చేతులూ ఖాళీ లేకుండా వాయించేవాడికి నేను చెప్పను.

నాకు ఇప్పటికీ లోటనిపించేది రెండో సెండ్. ఉన్న ఒక్కటీ లూపర్‌కి పోయింది, నాకు నేను వినడానికి పెట్టుకునే మానిటర్‌కి ఏమీ మిగల్లేదు. హెడ్‌ఫోన్ అవుట్‌తో నెట్టుకొస్తున్నాను, అందులో మెయిన్‌లో ఉన్నదే వినపడుతుంది. ఈ మిక్సర్‌లో లయ చెప్పే క్లిక్ నాకొక్కడికే వినపడే దారి లేదు కాబట్టి క్లిక్ లేకుండానే మొదటి లూప్ కడతాను, కంజీరతో. తాళం తప్పితే ఆ పాటంతా తప్పే. ఇవాళ మళ్ళీ కొనాలంటే, రెండు సెండ్లున్నది, కనీసం ఒకటి ప్రీ అయినది దొరికేవరకు ఆగుతాను, ఛానళ్ళు నాలుగే ఉన్నా సరే.

దీన్ని అమ్మే ఉద్దేశం మాత్రం లేదు. మొన్న కార్తీకంలో ఒక వనభోజనాల ప్రోగ్రాంలో నాలుగో ఛానల్ కుడి వైపు చచ్చిపోయింది. తంబూరా ఫోను తీసి అందులో పెట్టాను, అది ఎలాగూ మోనోనే.