పదాల పట్టికా, పిల్లల కథా? చిన్న తరగతుల్లో ఏది మేలు?

రెండో తరగతి పిల్లలకు 'గుబులు' అనే మాట నేర్పాలనుకుందాం. మన బడుల్లో ఎక్కువగా జరిగేది ఏమిటంటే, బోర్డు మీద 'గుబులు = భయం, దిగులు' అని రాస్తారు. పిల్లలు దాన్ని అయిదేసిసార్లు రాసి, కింద ఒక సొంత వాక్యం రాస్తారు. శనివారం డిక్టేషన్ ఉంటుంది. కాస్త ఉత్సాహం ఉన్న టీచర్లు పట్టికను పక్కనపెట్టి, ఆ మాటలతో కథ రాయమంటారు. ఇంకో దారి కూడా ఉంది గానీ దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. అందులో కథ చెప్పేది పిల్లలు, రాసేది టీచర్.

ఒకటి, రెండు తరగతులకు ఈ మూడోదే మేలని నా అభిప్రాయం. మూడో తరగతి సగానికి వచ్చాక పిల్లల చేతే కథ రాయించడం మొదలుపెట్టొచ్చు. పట్టికనూ డిక్టేషన్‌నూ పారేయక్కర్లేదు గానీ, వాటితో పిల్లలకు మాటలు వస్తాయనుకుంటే మాత్రం పొరపాటే.

పట్టికతో వచ్చేది ఏమిటి?

ముందు దాని మంచి చెప్పాలి. పట్టికకు ఖర్చు లేదు, పది నిమిషాల్లో పని అయిపోతుంది. నోటుబుక్కు తిరగేసిన తల్లిదండ్రులకు ఏదో జరుగుతోందన్న ధీమా ఉంటుంది. తప్పుల్లేకుండా రాయడం నేర్చుకోవడానికి డిక్టేషన్ నిజంగానే పనిచేస్తుంది. ల, ళ తేడా, న, ణ తేడా, ఒత్తు అక్షరాలు, దీర్ఘాలు, ఇవన్నీ చెవితో విని చేత్తో రాస్తేనే పట్టుబడతాయి. వస్తువుల పేర్లకూ పట్టిక చాలు. జిరాఫీ, రంపం, కొడవలి లాంటి మాటలకు బొమ్మో వస్తువో చూపిస్తే సరిపోతుంది, వాటికోసం కథ అల్లడం కాలయాపన.

చిక్కంతా గుబులు లాంటి మాటలతోనే. సొంత వాక్యం రాయమంటే ఏం వస్తుందో చిన్న తరగతులకు చెప్పిన ఎవరికైనా తెలుసు. "నాకు గుబులు అంటే ఇష్టం." "ఇది గుబులు." ఇంకా తెలివైనవాడైతే "మా అన్నకు గుబులు ఉంది." చివరిదానికి టీచర్ తప్పని ఇంటూ కూడా పెట్టలేరు! పిల్లవాడు తనకు వచ్చిన వాక్యం అచ్చులో కొత్త మాటను ఇరికించాడు, అంతే.

రెండో చిక్కు ఆ సమాన గుర్తుతో వచ్చేది. గుబులు అంటే భయం అని చెబితే, పామును చూసి గుబులు వేసిందని రాస్తాడు. పాము ఎదురుగా ఉంటే వేసేది భయం. చీకటి పడుతున్నా అమ్మ ఇంకా పొలం నుంచి రాకపోతే పుట్టేది గుబులు. ఈ తేడా ఆ పిల్లవాడికి అనుభవంలో ఉన్నదే, ఆ అనుభవానికి పేరుందని తెలియదు. దాన్ని అర్థాల పట్టిక చెప్పలేదు. సందర్భం ఉంటేనే తెలుస్తుంది, సందర్భం అంటే ఎంతో కొంత కథే.

కథ రాయమంటే మాటలు తగ్గుతాయి

అయితే కథ రాయించడమే మేలు కదా అంటే, చిన్న తరగతుల్లో కాదు. బయటికి బాగా కనిపిస్తుంది గానీ లోపల రెండు లోపాలున్నాయి.

ఒకటి మనం చేసేది. పది మాటలిచ్చి, అన్నీ వచ్చేలా కథ రాయమంటాం. అప్పుడు వచ్చేది ఇది: "అనగనగా ఒక రాజు. రాజుకు గుబులు వచ్చింది. రాజు తటపటాయించాడు. రాజుకు చిలుక తారసపడింది. రాజు ఇంటికి వెళ్లాడు." పట్టికకు కిరీటం పెట్టి కూర్చోబెట్టినట్టుంది తప్ప ఇందులో కథ లేదు. రాజు ఎందుకు తటపటాయించాడో రాసినవాడికే తెలియదు.

రెండోది ఇంకా లోతైనది. తెలుగు పిల్లవాడి నాలుక ఒకటో తరగతికే జోరుగా పరుగెడుతుంది, చెయ్యి మాత్రం అక్షరాల దగ్గరే కుంటుతూ ఉంటుంది. గుణింతాలు ఒక మెట్టు, వత్తులు మరో మెట్టు. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాల్లా ఉండనే ఉండవు. రెండో తరగతి పిల్లను అడిగి చూడండి. "అమ్మ ఇంకా రాలేదని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, గుమ్మంలోనే కూర్చున్నా" అని గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. అదే రాయమంటే "అమ్మ రాలేదు. నాకు భయం వేసింది." అక్కడితో ఆగిపోతుంది. 'కూర్చున్నా'కు ర కింద చ వత్తు, న కింద న వత్తు కావాలి, 'కాళ్లు'కు ళ కింద ల వత్తు కావాలి. అవి తప్పుపోతాయన్న టెన్షన్‌తో, తనకు తెలిసిన మాటను వదిలేసి తనకు రాయడం వచ్చిన మాటను ఎంచుకుంటుంది. మాటలు పెంచడానికి పెట్టిన పని మాటల్ని కత్తిరిస్తోందన్నమాట. దాని మీద ఎర్ర పెన్ను కూడా పడిందా, వచ్చేసారి కథ ఇంకా చిన్నదవుతుంది.

మూడో తరగతి మధ్యకు చాలామందికి చెయ్యి తిరుగుతుంది. అప్పుడు రాతకున్న బలం వేరు. ఆగి ఆలోచించొచ్చు, కొట్టేసి ఇంకో మాట పెట్టుకోవచ్చు. నోటితో చెప్పే కథలో ఆ వెసులుబాటు ఉండదు. అయితే పది మాటలు వద్దు, ఒకటే ఇవ్వాలి, అదీ కథకు ఇరుసులా ఉండాలి. "ఒకడు బుకాయిస్తున్నాడు. ఏం చేశాడు? ఎవరి దగ్గర? చివరికి ఎవరు పసిగట్టారు?" ఇలా అడిగితే ఆ మాట అర్థం కాకుండా కథ ముందుకు పోదు. బుకాయించు, మారాం చేయు, పసిగట్టు, తటపటాయించు లాంటి మాటల్లో కథ ముందే దాగి ఉంటుంది. విశాలం, సుందరం లాంటివి ఇందుకు పనికిరావు, వాటిని ఏ వాక్యం నుంచి తీసేసినా కథకు ఏమీ కాదు.

ఇక్కడ ఇటలీ రచయిత జాన్నీ రోదారి చెప్పిన పద్ధతి గుర్తొస్తుంది. పొంతన లేని రెండు మాటలిచ్చి కథ పుట్టించడం ఆయన ఆట. ఆయన ఇచ్చిన ఉదాహరణ కుక్క, బీరువా. వాటి మధ్య సంబంధం మార్చినకొద్దీ కొత్త కథ వస్తుంది. మనకైతే విభక్తులున్నాయి కాబట్టి ఇది ఇంకా సులువు: బీరువాలో కుక్క, కుక్కకు బీరువా, బీరువాతో కుక్క, కుక్క మీద బీరువా. పిల్లలు పడిపడి నవ్వుతారు, వ్యాకరణం అనకుండానే వ్యాకరణమూ వస్తుంది. కానీ కుక్కా బీరువా రెండూ వాళ్లకు తెలిసిన మాటలే. ఊహకు ఇది గొప్ప ఆట, పదసంపద మాత్రం దానంతటది రాదు. కథ మొదలయ్యాక కొత్త మాటను మనమే లోపలికి జారవిడవాలి.

పిల్లలు చెబితే మనం రాయడం

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్, ఈ రోజు నీకు ఏ మాట కావాలి అని పిల్లల్నే అడిగి, ఆ మాటను కార్డు మీద రాసి ఇచ్చేది. పిల్లలు అడిగేవి దయ్యం, ముద్దు, అమ్మ లాంటి మాటలు. అమెరికాలో, షికాగోలో చాలా ఏళ్లు పసిపిల్లలకు చదువు చెప్పిన వివియన్ పేలీ ఇంకో అడుగు వేసింది. పిల్లలు చెప్పిన కథను ఉన్నదున్నట్టు రాసుకుని, తర్వాత అందరి ముందూ వాళ్ల చేతే ఆడించేది.

మన తరగతిలో ఇది ఇరవై నిమిషాల పని. బోర్డు ముందు నిలబడి "ఒక పిల్లి ఉందట, తర్వాత?" అంటే చాలు. ఎవరో ఒకరు పిల్లి పాలు తాగేసిందంటారు. ఇంకొకరు "అమ్మమ్మ అడిగితే నేను తాగలేదు, నేను తాగలేదు అంటుంది టీచర్, మూతికి పాలుంటాయి" అంటారు. అదే అదను. "ఓహో, బుకాయిస్తోందా! పిల్లి బుకాయించింది అని రాయనా?" అని అడగాలి. అర్థం పిల్లల దగ్గర ముందే తయారుగా ఉంది, దానికి మాట ఒక్కటే కరువు. మనం అందించేది అదొక్కటే. పట్టికలో మాట ముందొచ్చి అర్థం కోసం వెతుక్కుంటుంది, ఇక్కడ వరస తిరగబడింది. నేను ఈ పద్ధతి వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

కథ అయ్యాక అందరూ కలిసి చదవాలి, ఇద్దరు ముగ్గురు ఆడి చూపాలి. మూతికి సున్నం రాసుకుని బుకాయించిన పిల్లాడికి ఆ మాట మళ్లీ చెప్పక్కర్లేదు. మర్నాడు చూచిరాతకు పాఠ్యపుస్తకం బదులు తమ కథలోంచే రెండు వాక్యాలు ఇస్తే సరి.

వారానికి మూడు నాలుగు మాటలకు మించొద్దు. ఏ మాటలు అన్నదానికి అమెరికా పరిశోధకురాలు ఇసబెల్ బెక్ చెప్పిన మూడు అంచెల లెక్క పనికొస్తుంది. ఇల్లు, నీళ్లు లాంటివి ఇంట్లోనే వస్తాయి. కిరణజన్య సంయోగక్రియ లాంటివి ఆ పాఠం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. మధ్యలో ఉండేవే, పుస్తకాల్లో తరచూ కనబడుతూ ఇంటి మాటల్లో అరుదుగా వినబడేవే, మనం కథలోకి తేవాల్సినవి.

ఈ పద్ధతికీ ఇబ్బందులున్నాయి. నోరున్న నలుగురే కథంతా లాగేసుకుంటారు. అందుకే వారానికి ఒక కథ అందరిదీ, రోజుకు ఇద్దరి కథలు విడిగా వింటే ఎవరూ వెనకబడరు. అంతకంటే పెద్ద ప్రమాదం టీచరే. పిల్లి బుకాయించి తప్పించుకుపోతే మనకు మనసొప్పదు, చివర్లో "కాబట్టి అబద్ధం ఆడరాదు" అని తగిలిస్తాం. ఆ ఒక్క వాక్యంతో కథ వాళ్లది కాకుండా పోతుంది. పిల్ల "ఉరికింది" అంటే "పరుగెత్తింది" అని దిద్దడమూ అంతే. ముందు ఉరికిందనే రాయాలి, పరుగెత్తడం ఇంకో వాక్యంలో వస్తుందిలెండి. లంబాడీ, గోండు పిల్లలున్న చోట కథ ముందు ఇంటి భాషలోనే రావాలి. పెద్ద తరగతి పిల్లల సాయంతో దాన్ని తెలుగులోకి తేవొచ్చు.

ఇదంతా చేస్తే చదువు వెనకబడదా అని అడిగేవాళ్లుంటారు. చిన్న తరగతుల చదువు కోసం 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలని ఉంది. అందరి కళ్లూ ఆ 60 మీదే ఉంటాయి. పక్కనే అర్థం చేసుకుంటూ చదవాలని కూడా ఉంది. వేగం అభ్యాసంతో వస్తుంది, అర్థం కావాలంటే ఆ మాట అంతకుముందే చెవిన పడి ఉండాలి.

ఒక చోట మాత్రం నా తీర్పు మార్చుకుంటాను. అమెరికాలో మనబడి లాంటి వారాంతపు తరగతులకు వచ్చే తెలుగు పిల్లల సంగతి వేరు. అక్కడ చాలామందికి అక్షరాల కంటే ముందు మాటలే కొరత. కథ చెప్పమంటే సగం ఇంగ్లిష్‌లో వస్తుంది. వాళ్లకు ముందు బొమ్మలతో, వస్తువులతో పట్టికలాంటిదే కావాలి. వంటింటి మాటలు, చుట్టరికాలు, పనుల పేర్లు ఓ వంద వచ్చాక కథకు దిగితే నయం. అప్పుడైనా ఇంగ్లిష్‌లో పడ్డ మాటను ఆపకుండా, రాసేటప్పుడు దాని తెలుగు మాట అందిస్తూ పోవాలి.

మరి ఒకే టీచర్ అయిదు తరగతులూ చూసే బడిలో ఎలా? రోజుకు ఇద్దరి కథలు కూర్చుని రాయడం నిజంగా కష్టమే. అక్కడ నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని రాయసగాళ్లుగా పెట్టొచ్చు. ఒకటో తరగతి పిల్ల చెబుతుంది, అయిదో తరగతి అక్క రాస్తుంది. చిన్నదానికి తన కథ కాగితం మీద కనిపిస్తుంది, పెద్దదానికి ఇంకొకరి మాటలు రాయాల్సి వచ్చి, తప్పించుకునే వీల్లేక వత్తులన్నీ రాయక తప్పదు. తప్పులు దొర్లుతాయి. వాటిని ఆ కాగితం మీద దిద్దొద్దు. ఏయే మాటల దగ్గర తప్పు పోయిందో విడిగా రాసిపెట్టుకుంటే, శనివారం పెద్ద పిల్లల డిక్టేషన్‌కు పట్టిక తయారైనట్టే.