పిల్లల సస్పెన్షన్ మందు కొన్నారా? మొదటి డోసుకి ముందే సీసా అడుగు చూడండి

పాపకి జ్వరమని పారాసెటమాల్ సస్పెన్షన్ (మందు పూర్తిగా కరగకుండా సన్నటి రేణువులుగా ద్రవంలో కలిసి ఉండే సిరప్) కొన్నాను. డాక్టర్ చెప్పిన మోతాదే పోస్తున్నా రెండు రోజులు జ్వరం తగ్గీ తగ్గనట్టే ఉంది, ఒకటే టెన్షన్. మూడో రోజు సీసాని లైటుకి అడ్డంగా పట్టుకుని తలకిందులు చేస్తే అడుగున తెల్లటి ముద్ద, తడి సున్నం ఎండి అతుక్కున్నట్టు, ఎంత ఊపినా కదల్లేదు. చెంచా కాడతో పొడిస్తే గట్టిగా తగిలింది. అంటే అన్ని డోసుల్లోనూ పాప తాగింది చాలావరకు పైనున్న తీపి నీళ్లే!

చాలామందిమి పొరపాటు పడేది ఇక్కడే. పైన తేట తేలి, కింద దూదిలా మెత్తగా దిగి ఉంటే పాడైపోయిందనుకుంటాం. అది పాడవడం కాదు, రేణువులు వదులుగా గుత్తులు కట్టి త్వరగా దిగుతాయి, కుదపగానే మళ్లీ కలిసిపోతాయి. అసలు ప్రమాదం ఇంకోటి. రేణువులు విడివిడిగా, నిదానంగా దిగుతూ ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుంటే అడుగున గట్టి పలకలా తయారవుతుంది, పైన ద్రవం మాత్రం చాలా రోజులు పాలలా తెల్లగానే కనిపిస్తుంది. నేను మోసపోయింది ఆ తెలుపు చూసే.

ఈ గట్టి పలక కట్టడానికి వేడి కూడా తోడవుతుంది. నిల్వ చేసిన చోట వేడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే చిన్న రేణువులు కరిగి పెద్దవాటి మీద చేరతాయి. రేణువు సైజు రెండింతలైతే దిగే వేగం నాలుగింతలు. ద్రవం వేడికి పల్చబడినా త్వరగా దిగిపోతాయి. ఫ్రీజర్‌లో పెట్టినా పాడే.

ఊపడమంటే రెండుసార్లు ఆడించడం కాదు, తలకిందులు చేసి అడుగు శుభ్రంగా కనిపించేదాకా ఊపండి. తెల్ల ప్లాస్టిక్ సీసా అయితే మూత తీసి టార్చ్ వేసి చూడండి. ముద్ద కదలకపోతే దాన్ని గీకి, నీళ్లు పోసి కలిపి మాత్రం అస్సలు పట్టొద్దు, ఒక్క చెంచాలోనే ఎన్నో డోసుల మందు పడొచ్చు, పారాసెటమాల్ ఎక్కువైతే లివర్‌కి దెబ్బ. ఇప్పటికే అలా పట్టేసి ఉంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

షాపతను "అన్నీ అంతేనమ్మా, బాగా ఊపండి" అన్నాడు. అతని చేతికే ఇచ్చి ఊపమన్నాను. ఊపి, అడుగు చూసి, మాట్లాడకుండా వేరే సీసా ఇచ్చాడు. ఎక్స్‌పైరీకి ఇంకా చాలా నెలలు ఉంది, కొన్నప్పుడు సీల్ కూడా బాగానే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.